హెమింగ్వే ‘సోల్జర్స్ హోమ్’ కథలో క్రెబ్స్ కోరిన స్వాతంత్ర్యం: వ్యాసం ఎలా రాయాలి

ఎర్నెస్ట్ హెమింగ్వే రాసిన ‘సోల్జర్స్ హోమ్’ కథ 1925లో అచ్చయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన హెరాల్డ్ క్రెబ్స్ అనే యువకుడు అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఉన్న తన సొంత ఊరికి తిరిగివచ్చి, తల్లిదండ్రుల ఇంట్లో గడిపిన సుమారు ఒక నెల కాలమే ఆ కథ. సంఘటనలు చాలా తక్కువ. ఒక సైనికుడు ఆలస్యంగా వస్తాడు, ఆలస్యంగా నిద్ర లేస్తాడు, పుస్తకాలు చదువుకుంటాడు, ఒక ఉదయం భోజనాల బల్ల దగ్గర తల్లితో మాట్లాడతాడు. ఇంత కొద్ది సామగ్రిలో స్వాతంత్ర్యం కోసం అతను చేసే పెనుగులాట ఎక్కడుందో చూపించమంటే చాలామంది తడబడతారు. ‘యుద్ధం అతన్ని ధ్వంసం చేసింది, అందుకే అతను సమాజంలో ఇమడలేకపోయాడు’ అన్న ఒక్క వాక్యాన్నే నాలుగు పేజీలకు సాగదీసి వ్యాసం ముగిస్తారు. ఆ వాక్యం పూర్తిగా తప్పు కాదు గానీ, కథ తన శ్రమనంతా వెచ్చించిన చోటును అది తాకనైనా తాకదు. ఈ కథ మీద పరీక్ష కోసం రాస్తున్నా, కథల మీద ప్రేమతో రాస్తున్నా, కింద చెప్పిన క్రమంలో పని చేస్తే మీ వ్యాసం కథకు దగ్గరగా నిలుస్తుంది.

మొదటి పని: కలం లేకుండా ఒకసారి, కలంతో ఒకసారి చదవండి

కథ చిన్నది కనుక ఒక్క కూర్చోవడంలోనే పూర్తవుతుంది. మొదటిసారి ఎవరి విమర్శా చదవకుండా, గీతలు గీయకుండా, చివరి వాక్యం వరకు నేరుగా వెళ్లండి. రెండవసారి చదివేటప్పుడు ఒకే ఒక ప్రశ్నను దగ్గర పెట్టుకోండి: ఈ చోట క్రెబ్స్ చేత ఎవరు ఏమి అనిపించాలని చూస్తున్నారు? ఆ ప్రశ్నకు జవాబు దొరికిన ప్రతి వాక్యం పక్కన ఒక గీత పెట్టండి. యుద్ధరంగానికి కథలో దొరికిన చోటు చాలా తక్కువనీ, ఊరూ ఇల్లూ అతని నుంచి ఆశించే మాటలకు దొరికిన చోటు చాలా ఎక్కువనీ ఆ గీతలే మీకు చూపిస్తాయి. వ్యాసానికి పునాది అక్కడే ఉంది.

రెండవ పని: తేదీలను, ప్రదేశాలను సరిచూసుకోండి

ఈ పనిని విద్యార్థులు ఎక్కువగా వదిలేస్తారు. క్రెబ్స్ కాన్సస్‌లోని ఒక మెథడిస్ట్ కళాశాల నుంచి యుద్ధానికి వెళ్లాడనీ, 1917లో మెరైన్ దళంలో చేరాడనీ, అమెరికా సైన్యపు సెకండ్ డివిజన్ జర్మనీలోని రైన్ నది ప్రాంతం నుంచి 1919 వేసవిలో తిరిగివచ్చేదాకా అతను అమెరికాలో అడుగుపెట్టలేదనీ కథ మొదట్లోనే ఉంది. అతను పోరాడిన చోట్లు ఫ్రాన్స్‌లోని బెల్లో వుడ్, స్వాసోఁ, షాంపేన్, సెయింట్ మిహియెల్, ఆర్గోన్. ఇవన్నీ చరిత్రలో నిజంగా జరిగిన పోరాటాలు. బెల్లో వుడ్ 1918 జూన్‌లో, స్వాసోఁ జూలైలో, సెయింట్ మిహియెల్ సెప్టెంబరులో జరిగాయి. ఆర్గోన్ పోరు యుద్ధం చివరి రోజుల వరకు సాగింది. 1918 నవంబరు 11న యుద్ధ విరమణ జరిగింది. ఆ తరువాత సెకండ్ డివిజన్ ఆక్రమణ సేనలో భాగంగా జర్మనీలో ఉండిపోయింది.

ఈ వివరాలను ఒక కాగితం మీద వరుసగా రాసుకుని, కథలోని ఒక వాక్యాన్ని పక్కన పెట్టండి. యుద్ధం ముగిసిన ఏళ్లకు ఏళ్ల తరువాత ఇంత ఆలస్యంగా రావడం ఊరివాళ్లకు హాస్యాస్పదంగా కనిపించిందని కథకుడు అంటాడు. లెక్క చూస్తే యుద్ధ విరమణకూ, అతని రాకకూ మధ్య ఏడాది కూడా లేదు. ‘ఏళ్ల తరువాత’ అన్న భావన కథకుడిది కాదు, ఊరిది. కథకుడు ఊరి గొంతును తన గొంతులోకి తీసుకుని మాట్లాడుతున్నాడని తేదీలు చూసినవాడికి మాత్రమే తెలుస్తుంది. నిర్బంధ సైనిక సేవ కింద వెళ్లి ముందుగా తిరిగివచ్చినవాళ్లకు ఊరు ఘనంగా స్వాగతాలు పలికింది. స్వచ్ఛందంగా చేరి, కఠినమైన పోరాటాలన్నింటిలో పాల్గొని, చివరిదాకా నిలిచినవాడు వచ్చేసరికి ఆ ఉత్సాహం చల్లారిపోయింది. తన కాలం మీద కూడా అధికారం లేనివాడిగా క్రెబ్స్ కథలోకి ప్రవేశిస్తున్నాడన్నది మీ వ్యాసంలో మొదటి పరిశీలన కావచ్చు.

మూడవ పని: రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టండి

కథ మొదటి రెండు పేరాలలో రెండు ఫొటోలు ఉన్నాయి. మొదటిదానిలో క్రెబ్స్ కళాశాల సోదర సంఘంలోని తోటి విద్యార్థుల మధ్య ఉన్నాడు. అందరి కాలర్లూ ఒకే ఎత్తు, ఒకే తీరు. రెండవదానిలో అతనూ మరొక కార్పొరల్, ఇద్దరు జర్మన్ అమ్మాయిలతో రైన్ నది దగ్గర నిలబడి ఉన్నారు. ఆ ఇద్దరు సైనికులూ తమ యూనిఫారాలకు పట్టనంత పెద్దగా కనిపిస్తున్నారు. అమ్మాయిలు అందంగా లేరు. రైన్ నది ఫొటోలో లేనే లేదు.

మొదటి ఫొటోలో బట్ట అతన్ని తోటివారితో సమానం చేసింది, రెండవదానిలో బట్టలో అతను పట్టడం లేదు. సోదర సంఘమైనా, సైన్యమైనా అతనికి తొడుక్కోవడానికి ఒక దుస్తునే ఇచ్చాయి. ఇప్పుడు ఊరు మూడవ దుస్తు సిద్ధం చేస్తున్నది: ఉద్యోగం, పెళ్లి, కారు, ఆదివారం ప్రార్థన. ఈ పోలికను వ్యాసంలో రెండు మూడు వాక్యాలకు మించి లాగకండి, ఎందుకంటే హెమింగ్వే కూడా దానిని వివరించకుండా అలాగే వదిలేశాడు. ఫొటోలో కనిపించని నదిని మాత్రం గుర్తుంచుకోండి. చెప్పే మాటకూ, జరిగినదానికీ మధ్య ఉన్న ఖాళీ కథలో మొదటిసారి కనిపించేది అక్కడే, తరువాతి పని మొత్తం ఆ ఖాళీ గురించే.

నాలుగవ పని: అబద్ధాలను వరుసగా రాసుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి. నా అభిప్రాయంలో ఈ కథకు వెన్నెముక యుద్ధం కాదు, అబద్ధం. క్రెబ్స్‌కు మొదట యుద్ధం గురించి మాట్లాడాలని లేదు. తరువాత మాట్లాడవలసిన అవసరం కలిగింది, కానీ వినేవారు లేరు. శత్రువుల దురాగతాల గురించి ఊరు అప్పటికే ఎన్నో కథలు వినేసింది. ఆర్గోన్ అడవిలో మెషిన్ గన్‌లకు గొలుసులతో కట్టేసిన జర్మన్ స్త్రీల కథలు విన్నవాళ్లకు, గొలుసులు లేని మామూలు మెషిన్ గన్ సైనికుల గురించి చెబితే రుచించలేదు. తన మాట ఎవరైనా వినాలంటే అబద్ధం చెప్పక తప్పలేదు. అతను రెండుసార్లు చెప్పాడు. అవి పెద్ద అబద్ధాలు కూడా కావు, ఇతరులు చూసినవీ చేసినవీ విన్నవీ తనకు జరిగినట్లు చెప్పుకున్నవి, అంతే. అయినా ఆ రెండిటి తరువాత యుద్ధం మీదా, యుద్ధం గురించి మాట్లాడడం మీదా అతనికి ఏవగింపు పుట్టింది.

ఇక్కడ కాస్త ఆగండి. ఆ ఏవగింపు యుద్ధంలో జరిగిన దాని వల్ల కాక, తాను చెప్పిన అబద్ధాల వల్ల కలిగిందని కథ స్పష్టంగా చెబుతుంది. ఒక మనిషి చేయదగిన ఏకైక పనిని తాను సులువుగా, సహజంగా చేసిన క్షణాలు కొన్ని అతనికి ఉన్నాయి. వాటిని తలచుకుంటే లోపల చల్లగా, తేటగా ఉండేది. అబద్ధాలు చెప్పాక ఆ క్షణాలు తమ విలువను పోగొట్టుకున్నాయి. అంటే అతను ఊరి దగ్గర శ్రద్ధను కొనుక్కున్నాడు, దానికి వెలగా తన జ్ఞాపకాలను చెల్లించాడు. అతని దగ్గర సొంతంగా సంపాదించుకున్న ఆస్తి ఏదైనా ఉంటే అది ఆ అనుభవమే. ఇల్లు తండ్రిది, కారు తండ్రిది, కోరితే మంచం మీదికే వచ్చే ఫలహారం తల్లి దయ. అందుకే అనుభవాన్ని పోగొట్టుకోవడాన్ని స్వాతంత్ర్యాన్ని పోగొట్టుకోవడంగానే మీరు చదవవచ్చు.

ఆ వెంటనే వచ్చే మరొక వివరాన్ని కూడా మీ వరుసలో చేర్చండి. ఎప్పుడైనా నాట్యశాల పక్కగదిలో నిజంగా సైనికుడైన మరొక మనిషి తారసపడితే, క్రెబ్స్ అతని ముందు పాత సైనికుడి భంగిమను తెచ్చుకునేవాడు. తాను ఎప్పుడూ విపరీతంగా భయపడుతూనే ఉన్నానని చెప్పేవాడు. ఊరివాళ్ల ముందు చెప్పిన వీరత్వం ఎంత అబద్ధమో, సైనికుల ముందు చెప్పిన భయం కూడా అంతే అబద్ధమని పాఠకుడు గమనించాలి. ఇలా అతను అన్నీ పోగొట్టుకున్నాడని కథ ఒక చిన్న వాక్యంలో చెప్పి ముందుకు సాగుతుంది. మీ వ్యాసంలో ఈ వాక్యాన్ని తప్పక ఉటంకించండి.

వరుసలో చివరన పెట్టవలసిన అబద్ధం ఫలహారం బల్ల దగ్గర తల్లికి చెప్పినది. దానిని ఇప్పుడు గుర్తుపెట్టి ఉంచండి, వివరం తరువాత.

ఐదవ పని: అతని దినచర్యను తీర్పు లేకుండా చూడండి

క్రెబ్స్ పొద్దెక్కాక లేస్తాడు, గ్రంథాలయానికి నడిచి వెళ్లి పుస్తకం తెచ్చుకుంటాడు, ఇంట్లో భోజనం చేసి వరండాలో విసుగు పుట్టేదాకా చదువుతాడు, ఎండ మండే వేళ పూల్ ఆట ఆడే చోట గడుపుతాడు, సాయంత్రం క్లారినెట్ సాధన చేస్తాడు. దీనిని సోమరితనం అని రాసి వదిలేస్తే తండ్రి చూపునే మీరు అరువు తెచ్చుకున్నట్లు అవుతుంది. ఈ పనులన్నిటిలో ఒక పోలిక ఉంది: వేటికీ ఎవరితోనూ మాట్లాడవలసిన అవసరం లేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వవలసిన అవసరం లేదు.

అతను చదువుతున్న పుస్తకాన్ని గురించి కూడా రాయండి. తాను పాల్గొన్న పోరాటాల చరిత్రను అతను చదువుతున్నాడు. అందులో పటాలు ఇంకా ఉంటే బాగుండునని అనుకుంటాడు, మంచి పటాలతో రాబోయే మంచి చరిత్రల కోసం ఎదురుచూస్తాడు. యుద్ధాన్ని నిజంగా ఇప్పుడే తెలుసుకుంటున్నానని అతనికి అనిపిస్తుంది. అబద్ధాలతో పాడైపోయిన తన అనుభవాన్ని మాటల సహాయం లేకుండా, పటాల సహాయంతో మళ్లీ స్వాధీనం చేసుకునే ప్రయత్నంగా నాకు ఇది కనిపిస్తుంది. తాను మంచి సైనికుడినని అతను ఆ సందర్భంలోనే గుర్తు చేసుకుంటాడు. ఇంత నిశ్శబ్దంగా తనను తాను నిలబెట్టుకునే మనిషిని ‘ఆశయం లేనివాడు’ అని ఇంట్లోవాళ్లు అనడం వల్లనే ఈ కథ బాధిస్తుంది.

అయితే నిజాయితీగా రాయాలంటే ఎదుటి పక్షాన్ని కూడా చెప్పాలి. ఈ దినచర్యకు కావలసిన తిండీ, గదీ, వరండా తల్లిదండ్రులవే. ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలన్న కోరికకు అయ్యే ఖర్చును వేరెవరో భరిస్తున్నారు. ఈ ఇబ్బందిని దాచిపెట్టి క్రెబ్స్‌ను కేవలం బాధితుడిగా చూపితే వ్యాసం బలహీనపడుతుంది.

అమ్మాయిల గురించిన భాగాన్ని క్లుప్తంగా ముగించండి. ఊరిలో మారినది ఏదైనా ఉంటే చిన్నపిల్లలు పెద్దవారు కావడమే అంటుంది కథ. వాళ్లు వీధిలో నడిచి వెళుతుంటే చూడడం అతనికి ఇష్టం, వాళ్ల లోకంలోకి వెళ్లడం ఇష్టం లేదు. ఆ లోకంలో ముందే ఏర్పడిన పొత్తులూ, మారుతూ ఉండే తగాదాలూ ఉన్నాయి. అక్కడ ప్రవేశం కావాలంటే మాట్లాడాలి, మాట్లాడాలంటే మళ్లీ అబద్ధాలు చెప్పాలి. పర్యవసానాలు లేకుండా బతకాలని అతను కోరుకుంటాడు. అతనికి ఇష్టమైనవీ, వద్దనుకున్నవీ ఈ పేరాలలో ఒకే రకమైన చిన్న వాక్యాలలో మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక మనిషి తనను తాను ఒప్పించుకుంటున్నప్పుడు మాట అలాగే తిరుగుతుంది. కనుక అతనికి ఆసక్తి లేదని రాయకండి. ఆసక్తి ఉంది, దానికి కట్టవలసిన వెల కట్టడానికి అతను సిద్ధంగా లేడు.

ఆరవ పని: కారు ఎవరిదో, ఎక్కడ నిలబడి ఉందో చూడండి

తండ్రి కథలో ఒక్కసారి కూడా ప్రత్యక్షంగా కనిపించడు. అతని బదులు అతని కారు కనిపిస్తుంది. భూముల క్రయవిక్రయాలు చేసే ఆ తండ్రి, కొనుగోలుదారులను పొలాలు చూపించడానికి తీసుకువెళ్లవలసి వస్తుందని కారును ఎప్పుడూ తన అధీనంలోనే ఉంచుకుంటాడు. అది ఫస్ట్ నేషనల్ బ్యాంక్ భవనం ముందు నిలబడి ఉంటుంది, ఆ భవనం రెండవ అంతస్తులోనే అతని కార్యాలయం. యుద్ధానికి ముందు కొడుకుకు దానిని నడిపే అనుమతి లేదు. యుద్ధం ముగిసి కొడుకు తిరిగివచ్చాక కూడా అదే కారు.

ఇంటికి వచ్చిన సుమారు నెలకు, ఒక ఉదయం తల్లి అతని గదిలోకి వచ్చి, సాయంత్రాలు కారు తీసుకువెళ్లడానికి తండ్రి ఒప్పుకున్నాడని చెబుతుంది. నువ్వే ఒప్పించి ఉంటావని క్రెబ్స్ వెంటనే అంటాడు. ఈ ఒక్క మాట చాలు, ఇంట్లో అనుమతులు ఎలా పుడతాయో అతనికి పూర్తిగా తెలుసునని చెప్పడానికి. బెల్లో వుడ్‌లో పోరాడి వచ్చిన మనిషికి సాయంత్రం పూట కారు నడిపే అనుమతి ఒక బహుమానంగా వచ్చింది. ఆ బహుమానం ఊరికే రాలేదని తరువాతి సంభాషణ చెబుతుంది. మంచి అమ్మాయిలను షికారుకు తీసుకువెళ్లాలి, స్థిరపడాలి, ఉద్యోగం విషయం మాట్లాడడానికి బ్యాంకు భవనంలోని తండ్రి కార్యాలయానికి వెళ్లాలి.

ఏడవ పని: ఫలహారం సన్నివేశాన్ని పైకి చదవండి

ఈ సన్నివేశాన్ని కళ్లతో చదివితే చాలదు. వీలైతే ఇంకొకరితో కలిసి, నాటకం చదివినట్లు, ఎవరి మాటలు వారు చదవండి. మాటల మధ్య విరామాలు ఎక్కడ పడుతున్నాయో అప్పుడే తెలుస్తుంది.

సన్నివేశం వార్తాపత్రికతో మొదలవుతుంది. చెల్లెలు హెలెన్ తెచ్చిన ‘కాన్సస్ సిటీ స్టార్’ పత్రికను అతను విప్పి, క్రీడల పేజీని మడిచి, నీళ్ల కూజాకు ఆనించి చదువుతుంటే, పత్రికను నలపవద్దు, నలిగితే మీ నాన్న చదవలేడు అని తల్లి అంటుంది. తండ్రి అధికారం నలగని కాగితం రూపంలో బల్ల మీదికి కూడా వచ్చిందన్నమాట.

తరువాత హెలెన్ మాటలు వస్తాయి. ఆ మధ్యాహ్నం బడిలో ఇండోర్ బేస్‌బాల్ ఆడుతున్నానని, అన్న నేర్పినందువల్లే బాగా ఆడుతున్నానని చెబుతుంది. నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగితే అవునంటాడు. ఎప్పటికీ ప్రేమిస్తావా అంటే తప్పకుండా అంటాడు. మరి నా ఆట చూడడానికి వస్తావా అంటే చూద్దాంలే అన్నట్లు జవాబిస్తాడు. వెంటనే ఆ పిల్ల అంటుంది: ప్రేమ ఉంటే రావాలని నీకే అనిపించేది. చాలామంది వ్యాసకర్తలు హెలెన్‌ను స్వచ్ఛమైన ప్రేమకు గుర్తుగా తీసుకుని ముందుకు వెళ్లిపోతారు. కానీ ప్రేమకు రుజువు అడగడం ఈ ఇంట్లో ఆ పిల్లతోనే మొదలైంది. కొద్ది నిమిషాల తరువాత తల్లి అడగబోయే ప్రశ్నకు ఇది చిన్న రూపం. ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టి, ఒకదానికి అవునని ఎందుకు అనగలిగాడో, రెండవదానికి ఎందుకు అనలేకపోయాడో చర్చించగలిగితే మీ వ్యాసం మిగిలినవాటికంటే ముందుంటుంది.

అప్పుడు తల్లి అతని ముందు కూర్చుంటుంది. ఏం చేయాలో నిర్ణయించుకున్నావా అని అడుగుతుంది. ప్రతివారికీ దేవుడు ఒక పని ఉంచాడనీ, ఆయన రాజ్యంలో ఖాళీ చేతులు ఉండవనీ అంటుంది. నేను ఆయన రాజ్యంలో లేను అంటాడు క్రెబ్స్. మనమందరం ఆయన రాజ్యంలోనే ఉన్నాం అంటుంది. తన తండ్రి అమెరికా అంతర్యుద్ధం గురించి చెప్పిన మాటలు గుర్తు చేస్తుంది, అతని కోసం ప్రార్థిస్తున్నానంటుంది. ఆ సమయంలో క్రెబ్స్ చూపు పళ్లెంలో గడ్డకడుతున్న బేకన్ కొవ్వు మీద ఉంది. అతనికి ఏమనిపిస్తున్నదో హెమింగ్వే చెప్పడు, ఆ కొవ్వు గడ్డకట్టడాన్ని మాత్రం చూపిస్తాడు. ఇటువంటి చోట మీరు కూడా అతని భావాన్ని మూడు విశేషణాలతో నింపకుండా, ఆ దృశ్యాన్నే ఉటంకించి ఆగితే మంచిది. తరువాత తల్లి చార్లీ సిమన్స్ పేరు తెస్తుంది. అతనిది క్రెబ్స్ వయసే, మంచి ఉద్యోగం ఉంది, పెళ్లి కూడా చేసుకోబోతున్నాడు.

ఆ పైన అడుగుతుంది: నీకు నీ తల్లి మీద ప్రేమ లేదా? క్రెబ్స్ లేదు అంటాడు.

తెలుగు పాఠకులు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన చోటు ఇది. తల్లి ముఖం మీద ఆ మాట అనడం మనకు మింగుడుపడదు. పక్కింటి కుర్రాడి ఉద్యోగంతో పోల్చడం, స్థిరపడమని ఒత్తిడి చేయడం మన ఇళ్లలో విననివి కావు కనుక మొదటి చదువులోనే ఒక పక్షం తీసేసుకుంటాం: కొందరు తల్లి వైపు, కొందరు కొడుకు వైపు. రెండూ తొందరపాటే. ఆ జవాబు క్రూరత్వం వల్ల వచ్చిందని కథలో ఎక్కడా లేదు. అబద్ధాల వల్ల తన అనుభవాన్ని పోగొట్టుకున్న మనిషి, కథ మొత్తంలో మొదటిసారి, అడిగినవారికి నచ్చని నిజాన్ని తనకు తోచినట్లు చెప్పాడు. తల్లి ఏడుస్తుంది. ఎవరినీ ప్రేమించడం లేదు అని అతను వివరించబోతాడు, అది ఆమెకు అర్థం కాదు. ఆమె కూడా దుర్మార్గురాలు కాదు. తన కొడుకు ఎక్కడికో జారిపోతున్నాడన్న భయం ఆమెది, ఆ భయాన్ని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్న భాష మతమూ, మాతృత్వమూ మాత్రమే.

ఆమె ఏడుపు చూసి అతను తన మాటను వెనక్కి తీసుకుంటాడు. వేరే దేనిమీదో కోపంతో అన్నానంటాడు. పసిపాపగా నిన్ను గుండెకు హత్తుకున్నానని ఆమె అన్నప్పుడు అతనికి కడుపులో తిప్పినట్లవుతుంది. తరువాత చిన్నపిల్లవాడిలా ‘మమ్మీ’ అని పిలిచి, మంచి అబ్బాయిగా ఉండడానికి ప్రయత్నిస్తానంటాడు. నాలుగవ పనిలో మీరు గుర్తుపెట్టి ఉంచిన అబద్ధం ఇదే. ఊరివాళ్ల ముందు చెప్పిన అబద్ధాల వల్ల కలిగిన వికారమే ఇక్కడ శరీరంలో మళ్లీ కలిగింది. ఆమె మోకరిల్లి ప్రార్థించమంటే అతను మోకరిల్లుతాడు, ప్రార్థన మాత్రం చేయలేకపోతాడు. ఆమె తన తరపున ప్రార్థించడానికి ఒప్పుకుంటాడు. శరీరం లొంగింది, మాట లొంగలేదు. స్వాతంత్ర్యం అన్న అంశానికి కథలో ఇంతకంటే సూక్ష్మమైన ఆధారం మరొకటి లేదు. మీ వ్యాసంలో అతి పొడవైన పేరా దీని మీదే ఉండాలి.

ఎనిమిదవ పని: కథకు ముందున్న చిన్న ఖండికను చదవండి

ఈ కథ ‘ఇన్ అవర్ టైమ్’ అనే సంపుటిలో ఉంది. ఆ సంపుటిలో కథల మధ్య అతి చిన్న గద్య ఖండికలు ఉంటాయి. ‘సోల్జర్స్ హోమ్’కు ముందున్న ఖండికలో, ఇటలీలోని ఫొసాల్టా దగ్గర ఫిరంగి గుళ్లు కందకాన్ని చీల్చుతుంటే ఒక సైనికుడు నేలకు కరుచుకుని యేసును వేడుకుంటాడు, తనను బతికిస్తే ప్రపంచంలో అందరికీ ఆయన గురించి చెబుతానని మాట ఇస్తాడు. మరునాటి రాత్రి తాను కలిసిన అమ్మాయికి ఆ సంగతి చెప్పడు. తరువాత కూడా ఎవరికీ చెప్పడు. భయంలో చేసిన ప్రార్థన మాట నిలబెట్టుకోని ప్రార్థన అయింది. దానిని చదివి క్రెబ్స్ మోకరింపు దగ్గరికి రండి. ఒత్తిడి మీద చేసే మరొక ప్రార్థనను అతను ఎందుకు చేయలేకపోయాడో ఒక దారి కనిపిస్తుంది. ఆ ఖండికలోని సైనికుడు, క్రెబ్స్ ఒకరే అని మాత్రం రాయకండి, కథ అలా చెప్పదు.

తొమ్మిదవ పని: ముగింపును తూకం వేయండి

చివరి పేరాలో అతను మూడు నిర్ణయాలు తీసుకుంటాడు. కాన్సస్ సిటీ వెళ్లి ఉద్యోగం చూసుకుంటాడు, అప్పుడు తల్లి ఊరట చెందుతుంది. వెళ్లేలోగా బహుశా మరొక గొడవ జరగవచ్చు. తండ్రి కార్యాలయానికి వెళ్లడు, ఆ ఒక్కటి తప్పించుకుంటాడు. ఇప్పటికి మాత్రం బడి ఆవరణకు వెళ్లి హెలెన్ ఆట చూస్తాడు. ఈ మూడింటినీ ఒకే ‘విముక్తి’గా కట్టగట్టకండి. మొదటిది ఇల్లు విడవడమే అయినా, దాని వెనుక తల్లిని సమాధానపరచాలన్న ఆలోచన ఉంది, అంటే పారిపోయే దారిని కూడా ఆమె కన్నీళ్లే గీశాయి. రెండవది పూర్తిగా అతనిది, తండ్రి బేరానికి అతను వెళ్లడు. మూడవది చెల్లెలు అడిగిన రుజువును ఇవ్వడం, కానీ అక్కడ అతను ఏమీ మాట్లాడనవసరం లేదు, ఊరికే కూర్చుని చూస్తే చాలు. నా మటుకు నేను ఈ ముగింపును సగం గెలుపుగా చదువుతాను. మీరు ఓటమిగా చదవవచ్చు, అప్పుడు కూడా ఈ మూడింటి తేడాను చూపించి తీరాలి.

పదవ పని: రచయిత జీవితాన్ని చివర్లో, కొద్దిగా వాడండి

హెమింగ్వే 1899లో ఇలినాయ్ రాష్ట్రంలోని ఓక్ పార్క్‌లో పుట్టాడు. ‘కాన్సస్ సిటీ స్టార్’ పత్రికలో కొన్ని నెలలు పనిచేశాడు. రెడ్ క్రాస్ తరపున ఇటలీకి వెళ్లి 1918 జూలై 8న ఫొసాల్టా దగ్గర గాయపడ్డాడు, 1919 జనవరిలో ఇంటికి వచ్చాడు. 1920 వేసవిలో తల్లి గ్రేస్ అతనికి ఒక లేఖ ఇచ్చింది. తల్లి ప్రేమను బ్యాంకు ఖాతాతో పోల్చి, నువ్వు వేసినదానికంటే ఎక్కువ తీసేసుకున్నావని అందులో మందలించింది. ప్రేమకు లెక్కలు కట్టే ఇంటిని అర్థం చేసుకోవడానికి ఈ వివరం ఉపయోగపడుతుంది. కానీ క్రెబ్స్ మెరైన్, హెమింగ్వే కాదు. క్రెబ్స్ ఆలస్యంగా వచ్చాడు, హెమింగ్వే ముందే వచ్చాడు. ఈ తేడాలను చెప్పకుండా క్రెబ్స్ అంటే హెమింగ్వేనే అని రాసేవాళ్లు కథను జీవిత చరిత్రలో ముంచేస్తారు. జీవిత వివరాలకు ఒక్క పేరా చాలు.

వైద్య పదాల విషయంలో కూడా ఇదే నిగ్రహం పాటించండి. క్రెబ్స్‌ను పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తరువాత మనసును పీడించే రుగ్మత) రోగి అని తేల్చేసే వ్యాసాలు ఎన్నో ఉన్నాయి. ఆ పేరు అమెరికన్ మనోవైద్యుల అధికారిక వర్గీకరణలోకి 1980లో వచ్చింది. అతని వికారాన్ని, ముడుచుకుపోవడాన్ని ఆ కోణంలో చదవడం తప్పు కాదు. కానీ కథలో పీడకలలు లేవు, ఒళ్లు వణకడాలు లేవు, అతను హాయిగా పొద్దెక్కేదాకా నిద్రపోతాడు. జబ్బు పేరు పెట్టగానే, అతనికి ఎదురుగా ఉన్న ఇల్లూ ఊరూ చేస్తున్న పని మన కంటికి ఆనడం మానేస్తుంది.

చివరి పని: ప్రతిపాదన వాక్యం, పేరాల అమరిక

ఇప్పుడు రాయడం మొదలుపెట్టండి. మొదటి పేరా చివర మీ ప్రతిపాదన ఒకే వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘క్రెబ్స్ కోరే స్వాతంత్ర్యం ఇల్లు విడిచి వెళ్లే స్వేచ్ఛ కంటే ముందుది, తనలో లేని భావాన్ని ఉన్నట్లు చెప్పనవసరం లేకుండా బతికే స్వేచ్ఛ అది, మొదట ఊరు, తరువాత ఇల్లు, చివరకు ప్రేమ కూడా అతని దగ్గర ఆ స్వేచ్ఛనే వెలగా అడిగాయి.’ దీనిని మీ మాటల్లోకి మార్చుకోండి, లేదా దీనితో విభేదించి మీది మీరు తయారు చేసుకోండి.

ఆ తరువాతి పేరాలు కథ క్రమంలోనే నడవనవసరం లేదు. అబద్ధాలతో మొదలుపెట్టి, దినచర్యకు వచ్చి, కారు మీదుగా ఫలహారం బల్లకు చేరడం నాకు నచ్చిన వరుస. తేదీలూ ఫొటోలూ మొదటి పేరాలోనే ఒదిగిపోతాయి, ఖండికను మోకరింపు ఉన్న పేరాలో కలపండి. ప్రతి పేరాలో కథలోని ఒక వాక్యమైనా ఉటంకింపుగా ఉండాలి, ఆ వాక్యం తరువాత కనీసం రెండు వాక్యాల సొంత వివరణ ఉండాలి. తెలుగులో రాస్తున్నట్లయితే ఉటంకింపును మీరే అనువదించుకోండి, హెమింగ్వే చిన్న వాక్యాలను కలిపి పెద్దవి చేయకండి.

చిత్తుప్రతి పూర్తయ్యాక తల్లి గురించి, క్రెబ్స్ గురించి మీరు వాడిన విశేషణాలన్నిటి కింద గీత గీయండి. ‘స్వార్థపరుడు’, ‘కఠినురాలు’, ‘కృతఘ్నుడు’ వంటి మాట కనిపించిన ప్రతిచోటా దానికి ఆధారమైన కథా వాక్యం అదే పేరాలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ విశేషణాన్ని తీసివేసి, బల్ల దగ్గర ఆ క్షణంలో ఎవరు ఏమన్నారో, ఎవరి చూపు ఎటు ఉందో రాయండి.